తమలపాకు కాడ

ఇక్కడిదాకా మాతో నడిచి వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ వారమే కథలో కాలు పెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఎల్లారెడ్డిలో గాజుల దుకాణం నడిపే బద్రున్నీసా మనవడు ఖయ్యూంకు ఏడు నెలలు. పుట్టినప్పటి నుంచి వాడి పొట్ట ఉబ్బుతుంది, దిగుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. పోయిన మంగళవారం దానికి జ్వరం తోడై, పొట్ట డప్పులా బిగిసి, వాడు పాలు ముట్టడం మానేశాడు. దాదీ బద్రున్నీసా, తల్లి ఖదీజా, వాణ్ణి భూమ్మీదికి తెచ్చిన మంత్రసాని ముత్తవ్వ, ముగ్గురూ తొలి బస్సు పట్టుకుని కామారెడ్డిలో పిల్లల డాక్టరు తార దగ్గరికి వచ్చి పడ్డారు. తార పరాయిది కాదు, ఎల్లారెడ్డి అబ్రాహాము సారు కూతురు. ముప్పై ఏళ్ల కిందట ఆమె బొడ్డు కోసిన చేతులు కూడా ముత్తవ్వవే. తార సన్న గొట్టం వేసి, ఉప్పునీళ్లతో పేగు కడిగి, సూదిమందులిచ్చి, మూడు రోజులకు పిల్లవాణ్ణి దారిలో పెట్టింది. అప్పుడు ఒక్క ప్రశ్న అడిగింది. పుట్టాక మొదటిసారి, ఆ కాటుకలాంటి నల్లటిది, ఎప్పుడు దొడ్డికి పోయిండు? "మొదటి దినమే," అంది బద్రున్నీసా టక్కున, "మా ముత్తవ్వనే చెప్పింది." తార ముత్తవ్వ వైపు తిరిగింది. ముత్తవ్వ కిటికీ వైపు తిరిగింది.

ఆ కిటికీలోంచి కనిపించేది స్టేషన్ రోడ్డు. అక్కడ అంత దీక్షగా చూడవలసింది ఏమీ లేదు. ఒక రిక్షావాడు వానకు తడిసిన సీటు తుడుచుకుంటున్నాడు, అంతే. ముత్తవ్వ మాత్రం వాడు ఏ మూల తుడవడం మరిచాడో లెక్కగట్టేదానిలా చూస్తూ ఉంది.

"అవ్వా, నిన్నే," అంది తార.

"యాది లేదు బిడ్డా. ముసలిదాన్నయిపోయిన."

బద్రున్నీసా ఫక్కున నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ గదిలో వినిపించిన మొదటి నవ్వు అదే. "దీని మాటలు నమ్మకు బేటీ. ఎల్లారెడ్డిల ఎవ్వలు ఏ కార్తెల పుట్టిండ్రో, ఆనాడు వాన గొట్టిందో లేదో, పుట్టినోడు ముందు ఏడ్చిండో తుమ్మిండో, అన్ని చెప్తది. నువ్వు పుట్టినప్పుడు మీ బాపు ఏ అంగీ తొడిగిండో గూడ చెప్తది. మా ఖయ్యూందే యాది లేదంట!"

"చారల అంగీ," అంది ముత్తవ్వ ఉండబట్టలేక. అనేసి నాలుక కరుచుకుంది.

తారకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. స్టూలు లాక్కుని వాళ్లకెదురుగా కూర్చుంది. మంచం మీద ఖయ్యూం కాళ్లు గాలిలో ఆడిస్తూ తన బొటనవేలిని తానే పట్టుకోబోయి తప్పిపోతున్నాడు. వాడి పక్కన ఖదీజా, ముందు పెట్టిన చాయ్‌ను ముట్టకుండా, కొడుకు పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మద్నూర్ పిల్ల. తల్లి లేని పిల్ల కాబట్టి తొలి కాన్పు కూడా అత్తగారింట్లోనే జరిగింది. పెద్దవాళ్ల ముందు మాట తక్కువ. మొగుడు మొయినుద్దీన్ దుబాయిలో ఉంటాడు. ఎండాకాలంలో సెలవు మీద వచ్చి, కొడుకును భుజాన వేసుకుని ఊరంతా తిప్పి, జూన్ ఆఖరున వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది.

"ఖాలా, నేను ఊకె అడుగుతలేను," అంది తార బద్రున్నీసాతో. "పుట్టిన దినమో, మహా అయితే రెండో దినమో, ఆ నల్లటిది దానంతటదే పోవాలె. అట్ల పోయినోడైతే, ఈ ఉబ్బు పాల మార్పుతోని వచ్చిందో, ఇంకెందుకన్న వచ్చిందో అనుకొని మందిచ్చి కొన్నొద్దులు చూస్త. పోలేదంటే మాత్రం నాకు ఇంకో అనుమానం ఉన్నది."

"ఏం అనుమానం ఆపా?" అని అడిగింది ఖదీజా. అంత మాట ఆమె అడగడమే గొప్ప.

తార మందుల చీటీ వెనక్కి తిప్పి ఒక పొడుగాటి గొట్టం గీసింది. పైన నోరు, కింద ఆసనం, మధ్యలో మెలికలు.

"మన పేగుకు దాని నరాలు దానికే ఉంటయి. తలకాయ నిద్రపోయినా అది పని జేస్తనే ఉంటది. తిన్నదాని వెనక బిగిస్తది, ముందట వదులు చేస్తది, గట్ల కిందికి జరుపుతది. అయితే ఆ నరాల కణాలు పేగులనే పుట్టవు. కడుపుల పిండం పెసరగింజంత ఉన్నప్పుడు అవి మెడ ఎనక మొదలైతయి. గొంతు కాడ పేగుల జొరబడి కిందికి నడుస్తయి. నడుసుకుంట ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి. అయిదో వారంల బయలెళ్తే, చివరి దాక చేరేసరికి పన్నెండో వారం. ఒక్కొక్కసారి మధ్యల్నే ఆగిపోతయి. అప్పుడు కింది ముక్కకు నరాలే ఉండవు."

ముత్తవ్వ కిటికీ వదిలి ఎప్పుడు తిరిగిందో ఆమెకే తెలియదు. మెడ చాచి ఆ చీటీ వైపు చూస్తోంది. నలభై ఏళ్లుగా తను బయటికి తీసిన పిల్లల లోపల ఇంత ప్రయాణం జరిగిందా అని ఆమెకు ఆశ్చర్యం. అసలు సంగతి ఒక్క క్షణం మరిచిపోయింది కూడా.

"మా అవ్వగారిల్లు నాగిరెడ్డిపేట దిక్కు," అంది. "పోచారం కాలువ కింద అందరికన్న చివరి మడి మాది. తూము ఇడిశిండ్రంటే పైనోళ్లకు మోకాళ్ల లోతు. మాకాడికి వచ్చేసరికి పాదం గూడ తడవకపోవు. గట్లనేనా?"

"గట్లనే అవ్వా. కాని నీళ్లు పారుతయి, ఇవి నడుస్తయి. నడుసుకుంట పిల్లల్ని కంటయి."

"నడుసుకుంటనే కంటయా? మరి మంత్రసాని ఎవలే?"

ఈసారి తార నవ్వు ఆపుకోలేకపోయింది. ఖదీజా పెదవి కూడా కాస్త కదిలింది. ఆ నవ్వులోనే ముత్తవ్వకు తన గుండెలో రాయి మళ్లీ గుర్తొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నరాలు లేని ముక్క ఎప్పటికీ వదులు కాదు," అంది తార. "గుప్పిట బిగించినట్టు బిగుసుకొనే ఉంటది. దాని పైన అంతా జమయ్యి, కుళ్లి, మొన్నటిలాంటి జ్వరం వస్తది. ఈసారి అందినం. మల్ల వస్తే అందుతమో లేదో నేను చెప్పలేను. అందుకే పట్నం పెద్ద దవాఖానకు పంపాలె. కింద బియ్యపుగింజంత ముక్క తీసి మిషను కింద చూస్తరు. కణాలున్నయంటే బేఫికర్. లేకపోతే ఆపరేషన్. ముందుగాల పొట్ట మీద దారి పెడ్తరు, అండ్లకెళ్లి దొడ్డికి పోతడు. జర పెరిగి బలమొచ్చినంక, నరాలు లేని ముక్క తీసేసి మంచి పేగును కిందికి గుంజి కుడ్తరు. పొట్ట మీది దారి మూసేస్తరు."

బద్రున్నీసా లేచి నిలబడింది. పొట్టి మనిషి, కానీ కోపం వస్తే గది చిన్నదైపోతుంది.

"పొట్ట మీద దారా? నా మనవనికా? రేపు లగ్గం కావాల్సిన పోరడు!"

"అమ్మీ, వాడికి ఏడు నెలలు," అంది ఖదీజా మెల్లగా.

"ఏడు నెలలైతే? రేపు పెద్దోడు కాడా?" కోడలి మీదికి తిరిగింది. "నువ్వేమన్న గ్రహణం నాడు బయట తిరిగినవా? పుల్లటిది తిన్నవా?"

"ఖాలా, ఖదీజా ఏం చేయలే," అంది తార గట్టిగానే. "ఎవ్వలూ ఏం చేయలే. తిండితోని రాదు, గ్రహణంతోని రాదు. కొందరు పిల్లలకు గట్లయితది, గంతే. ఆఁ, ఒక్క ఇంట్ల ఒక్కరికి వస్తే, తోడబుట్టినోళ్లల్ల నూటికి నలుగురైదుగురికి మల్ల రావొచ్చు. అంటే తొంభై అయిదు మందికి రాదనే కదా."

ఖదీజా కొడుకును ఎత్తి ఒళ్లోకి తీసుకుంది. ఎందుకో మరీ గట్టిగా పట్టుకుంది. వాడు గింజుకుని, తల్లి గాజులు దొరికాయి కాబట్టి ఊరుకున్నాడు.

బద్రున్నీసా మళ్లీ కూర్చుంది. గొంతు తగ్గించింది, కానీ పట్టు తగ్గించలేదు. "చూడు బేటీ. నువ్వు సదివినదానివి, నీ మీద నాకు కోపం లేదు. కాని నువ్వే అంటివి, మొదటి దినం పోయినోడైతే ఆగుతనని. వాడు పోయిండు. నలభై ఏండ్ల సంది నాకు అబద్ధం చెప్పని మనిషి చెప్పింది. నా మొయినును తీసింది ఈమెనే, నిన్ను తీసింది ఈమెనే. దీని మాట మీద నేను నిప్పుల నడుస్త. వాణ్ణి కొయ్యనియ్య."

"ఖాయంగ మొదటి దినమే పోయిండంటే నేను గూడ తొందరపడను," అంది తార. "నువ్వే చెప్పు అవ్వా."

ఇంక కిటికీ వైపు తిరిగి లాభం లేదు. అవునంటే పిల్లవాణ్ణి ఎత్తుకుని సాయంత్రం బస్సుకు ఎల్లారెడ్డి పోవచ్చు. మళ్లీ ఏదో ఒక రోజు ఆ జ్వరం వస్తుంది. కాదంటే నలభై ఏళ్ల నమ్మకం ఈ గదిలోనే పోతుంది.

ఏం జరిగిందో ముత్తవ్వకు తెలియదా? వాన రాని ఆ జనవరి పొద్దు, నీళ్లు కాగిన కుండ మసి, అన్నీ తెలుసు. మొదటి రోజు ఖయ్యూం పోలేదు. ఆలస్యంగా పోయేవాళ్లు ఉంటారులే అనుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికీ పోలేదు. అప్పటికి ఖదీజా ఏడ్చి ఏడ్చి పాలు పడక అల్లాడుతోంది. బద్రున్నీసా దుబాయికి తంతి కొట్టించడానికి మనిషిని పిలిపించి గడపలో నిలబెట్టింది. వీధిన పోతున్న సర్కారు నర్సమ్మ ఆగి తొంగిచూసి, "ఇంకా పోలేదా? దవాఖానకు తీసుకపోదాం పట్టు" అంది. ముత్తవ్వ పట్టిన బిడ్డను ఇంకొకరు దవాఖానకు మోసుకుపోవడమా? "పొద్దుగాలనే పోయిండు. మొదటి దినమే పోయిండు గూడ. గుడ్డ నేనే పాతిపెట్టిన," అని నోటికొచ్చింది. ఆ మాట వినగానే ఖదీజా కళ్లు తుడుచుకుంది. గంటకల్లా పాలు పడ్డాయి. తంతి దుబాయికి పోయింది. అంత మందికి సంతోషమిచ్చిన అబద్ధాన్ని ఆ సాయంత్రం వెనక్కి తీసుకునే ధైర్యం ముత్తవ్వకు లేకపోయింది.

మూడో రోజు బిడ్డకు నీళ్లు పోసే వేళ, అందరినీ బయటికి పంపి, తమలపాకు కాడను ఆముదంలో ముంచి బిడ్డ ఆసనంలో పెట్టింది. చటుక్కున పని అయింది. తల్లి దగ్గర, మేనత్త దగ్గర నేర్చుకున్న ఉపాయమే, కొత్తదేం కాదు. ఎంతమంది పిల్లలకో ఒక్కసారి పెడితే మళ్లీ అవసరం పడలేదు. ఖయ్యూంకు మాత్రం మళ్లీ పడింది, మళ్లీ మళ్లీ పడింది.

నలభై రోజులు దాటితే మంత్రసాని నీళ్లు పోయడం మానేస్తుంది. ఇక్కడ మానలేదు. రెండు రోజులకోసారి ముత్తవ్వ వచ్చేది. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నీళ్లు పోసేది. ఎవరూ చూడకుండా రొండిన దోపుకున్న కాడ తీసేది. పొట్ట దిగేది, వాడు కిలకిలా నవ్వేవాడు. "మాషాల్లా! మా ముత్తవ్వ హస్తవాసి చూడుండ్రి. చెయ్యి పడ్తే చాలు, పోతడు," అని బద్రున్నీసా దుకాణానికి వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పేది. విని విని ముత్తవ్వకు అదే నిజమనిపించింది. పొగడ్త ఎవరికి చేదు?

ముత్తవ్వ కొంగు దింపింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మంత్రసానితనం ఒప్పుకున్నంక బిడ్డొచ్చినా పట్టాలె, పియ్యొచ్చినా పట్టాలె అంటరు," అంది. "రెండోది నేను పట్టలే. మొదటి దినం వాడు పోలే బద్రుబీ. రెండో దినం గూడ పోలే. నేను అబద్ధం చెప్పిన."

ఖయ్యూం తల్లి గాజులు గలగలలాడించాడు.

"మూడో దినం?" అని అడిగింది తార.

"మూడో దినం నేనే పోయించిన. తమలపాకు కాడ, ఆముదంల ముంచి."

"అటెన్క?"

"అటెన్క గూడ. వాడంతట వాడు పోతే జరంత పోతుండె, గుడ్డకు అంటినంత. తక్కినదంత కాడతోనే. నీళ్లు పోసిన ప్రతిసారి. ఏడు నెలలు." తన చేతుల వైపు చూసుకుంది. "మొన్న జొరమొచ్చిన దినం గూడ పెట్టిన. పని చేయలే. అప్పుడు భయమైంది బిడ్డా. మస్తు భయమైంది."

తార కళ్లు మూసుకుని తెరిచింది. ఆమెకు కావలసిన జవాబు దొరికింది. అది దొరకకపోయి ఉంటే బాగుండేదని ఆమె ముఖంలోనే కనిపించింది.

బద్రున్నీసా అడిగిన మొదటి ప్రశ్న మాత్రం ఎవరూ ఊహించనిది.

"ఏ తమలపాకు?"

"ఏందీ?"

"ఏ తమలపాకు కాడ అని అడుగుతున్న. నా పాన్‌దాన్‌లదేనా?"

ముత్తవ్వ తలవంచుకుంది. "మల్ల నాకు తమలపాకులు ఎవలిస్తరు?"

బద్రున్నీసా ఒళ్లో ఎప్పుడూ ఉండే ఆ ఇత్తడి పాన్‌దాన్ ఇప్పుడూ ఉంది. మూత తీసింది. తడిగుడ్డ విప్పింది. ఆకులు పచ్చగా, కాడలతో సహా, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ తనే ఏరి, నదురుగా ఉన్న ఆకు తీసి ఇచ్చేది. ముత్తవ్వ కాడ గిల్లి, ఆకు నోట్లో వేసుకుని, "నీ పాన్ తింటే కడుపు చల్లగైతది బద్రుబీ" అనేది. కాడ ఏమైందని ఎవరు చూస్తారు?

"నీ నోట్ల మన్నువడ!" అంది బద్రున్నీసా. "నా చేతులతోనే నాకు మోసం జేయించినవ్ గదే! నేను ప్రేమతోని ఇస్తి గదనే! చెప్తే ఏమైతుండె? నిన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తుంటినా?"

"ఎల్లగొడ్తవనుకోలే."

"మరి?"

"మెచ్చుకోవనుకున్న," అంది ముత్తవ్వ. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. "నా పెనిమిటి మెచ్చలే, నా కొడుకులు మెచ్చలే. నువ్వొక్కదానివే మెచ్చుతుంటివి. అది గూడ పోతదని భయపడ్డ."

బద్రున్నీసా పాన్‌దాన్ మూత మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. కోపం ఉంది, అది ఎక్కడికీ పోలేదు. దాని కింద ఇంకేదో తడి తగులుతోంది. ఎల్లారెడ్డిలో ఆడవాళ్లందరి చేతులూ పట్టి గాజులు తొడిగిన మనిషికి ఎదుటి చెయ్యి ఎప్పుడు వణుకుతుందో తెలియకుండా పోదు.

తార ముందుకు వంగి ముత్తవ్వ కుడిచెయ్యి అందుకుంది.

"ఇను అవ్వా. ఖాలా, నువ్వు గూడ ఇను. ఆ చివరి ముక్కల నరాలు ఉంటే, గుప్పిట ఇడువుమని అవి చెప్తుండె. చెప్పేటోళ్లు లేరు. నువ్వు కాడ పెట్టిన ప్రతిసారి ఆ గుప్పిట బలిమీటికి ఇడిశింది. నరాలు చేయాల్సిన పని ఏడు నెలలు ఈ చెయ్యి చేసింది. అందుకే వాడు బతికిండు."

ముత్తవ్వ తలెత్తింది.

"ఆగు, సంబురపడకు," అంది తార. "అందుకే నేను మొన్నటి దాక వాణ్ణి సూడలే. మొదటి వారంలనే తెచ్చి ఉంటే ఆ జొరమే రాకపోవు. రెండూ నిజమే. పేగు తెగి ఉంటే నీ చేతులనే పోతుండె. ఇగ మీదట ఏ బిడ్డకు గూడ కాడ పెట్టనని నాకు మాటియ్యి. రెండో దినం పోలేదంటే నా దగ్గరికి తోలియ్యి."

"మాట," అంది ముత్తవ్వ. "నీ బొడ్డు కోసిన చేతుల మీద ఒట్టు."

బద్రున్నీసా మనవణ్ణి చూసింది. వాడు ఎట్టకేలకు తన బొటనవేలిని పట్టుకుని, ఆ విజయానికి తానే మురిసిపోతున్నాడు.

"నాది గూడ తప్పే," అంది ఎవరి ముఖమూ చూడకుండా. "వాడు నీ చేతులనే ఎందుకు పోతడు, మా చేతులల్ల ఎందుకు పోడు అని ఒక్కనాడన్న అడగలే. అడిగితే ఏం ఇనాల్సొస్తదో అని. హస్తవాసి, హస్తవాసి అని ఊరంత చెప్పుకుంట తిరిగిన." ముక్కు తుడుచుకుంది. "పట్నం ఎప్పుడు పోవాలె బేటీ?"

"రేపు పొద్దుగాలనే. అక్కడ నాతోని సదివిన సర్జన్ ఉన్నడు. చిట్టి రాసిస్త. అందాక గొట్టంతోని ఎట్ల కడగాలెనో నేర్పిస్త."

"దీనికి నేర్పు," అంది బద్రున్నీసా గడ్డంతో ముత్తవ్వను చూపిస్తూ. "ఇది గూడ వస్తది పట్నం. ఏడు నెలలు దొంగతనంగ చేసింది, ఇప్పుడు అందరి ముందట చేస్తది."

"నేనా? పట్నమా? నేను నిజామాబాద్ గూడ సూడలే బద్రుబీ!"

"అయితే సూడు. నిన్ను ఇడిసిపెట్టి పోతే రాతిరంత ఎవల్ని తిట్టుకుంట కూసోవాలె?"

అంటూనే పాన్‌దాన్ తెరిచింది. ఏరింది. అన్నిట్లోకీ నదురుగా ఉన్న ఆకు తీసింది. సున్నం రాసింది, వక్క వేసింది. మడిచే ముందు కాడను పుటుక్కున తుంచి, కిటికీలోంచి స్టేషన్ రోడ్డు మీదికి విసిరేసింది. ఆకును ముత్తవ్వ ముందు పెట్టింది. ముత్తవ్వ దాన్ని రెండు చేతులా తీసుకుని, నోట్లో పెట్టుకోవడానికి కాసేపు తంటాలు పడింది. ఏడుస్తూ పాన్ నమలడం అంత సులువు కాదు.

తార చిట్టీ రాయడం మొదలుపెట్టింది. బద్రున్నీసా పట్నానికి ఏమేం కావాలో వేళ్ల మీద చెప్పుకుంటోంది. దుప్పటి, గిన్నె, ఫ్లాస్కు, మొయినుకు ఉత్తరం. ఖయ్యూం నిద్రలోకి జారుకుంటున్నాడు. మంగళవారం నుంచి ఇంత నెమ్మది ఆ గదిలోకి రాలేదు.

"ఆపా," అంది ఖదీజా.

"చెప్పు."

"ఆ నరాలు... అయిదో వారంల బయలెళ్తయంటివి. ఎనిమిదో వారంల ఎక్కడి దాక వస్తయి?"

"ఎనిమిదో వారంలనా?" తార తలెత్తకుండానే జవాబిచ్చింది. "పెద్ద పేగు సగం దాక వచ్చి ఉంటయి. ఇంక సగం మిగిలే ఉంటది."

రాస్తున్న కలం ఆగింది.

ముత్తవ్వ నమలడం ఆపింది. నాలుగు రోజులుగా ఆమె చూపు పిల్లవాడి పొట్టను వదల్లేదు. ఇప్పుడు మొదటిసారి తల్లిని చూసింది. కళ్ల కింద నలుపు చూసింది. పొద్దున ఇచ్చిన చాయ్ మీద మీగడ కట్టి, ముట్టకుండా పక్కకు జరిపి ఉండటం చూసింది. వీధి అవతల నడుస్తున్న ఆడమనిషికి ఎన్నో నెలో నడక చూసి చెప్పగల మంత్రసాని ముత్తవ్వ, పక్కనే బస్సులో ఒరుసుకుని కూర్చున్న పిల్లను చూసుకోలేదు. మొయినుద్దీన్ ఎప్పుడు దుబాయి పోయాడో మనసులో లెక్క వేసింది. లెక్క సరిపోయింది.

"ఎవలికన్న చెప్పినవా బిడ్డా?" అని అడిగింది.

ఖదీజా తల అడ్డంగా ఊపింది. బద్రున్నీసా వేళ్ల మీద లెక్క మొయిను ఉత్తరం దగ్గరే నిలిచిపోయింది.

"అయితే అవ్వా," అంది ఖదీజా, నిద్రపోయిన కొడుకు తల మీదుగా తన కడుపు వైపు చూసుకుంటూ, "ఇప్పుడు గూడ... మనం గిట్ల కూసున్న గడియల గూడ... అవి నడుస్తనే ఉన్నయి గదా?"

ముత్తవ్వ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు చాచింది. ఖదీజా కడుపుకు బెత్తెడు దూరందాకా పోయిన ఆ చెయ్యి, తాకకుండా అక్కడే ఆగిపోయింది.